ఘాటు రాలేదు

కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఆ వేసవిలో, సత్తెనపల్లి పక్క ఊళ్లో మాణిక్యమ్మకి ఒకటే పని. మొగుణ్ణి గడప దాటనివ్వకుండా కాపలా కాయడం. పానకాలు డెబ్బై దాటినవాడు, పైగా ఉబ్బసం మనిషి. అది వస్తే తట్టుకోలేడని డాక్టరు ఫోన్లో చెప్పిన దగ్గర్నుంచీ ఆవిడకి కంటిమీద కునుకు లేదు. తను కూర్చోదు, ఇంట్లో ఎవర్నీ కూర్చోనివ్వదు.

పానకాలు మాత్రం తక్కువవాడా! కల్లంలో మిరపకాయలు ఎండుతున్నాయి, కొడుకు బాబ్జీ ఎలా ఆరబెడుతున్నాడో ఏమిటోనని ముందుగదిలో కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు.

"ఒక్కసారి చూసొస్తానే."

"అడుగు బయట పెట్టావంటే కాళ్లిరగ్గొడతా."

పోయిన వారం వెనక వీధి యలమంద గేటు దగ్గర నిలబడి, మూతికి గుడ్డన్నా లేకుండా, "ఏం బావా, కుర్రాడిలా నిగనిగలాడుతున్నావే!" అన్నాడు. అంతే, ఈవిడ అగ్గిమీద గుగ్గిలమైపోయింది. అతను వెళ్లిపోయాక కూడా కడుపుమంట చల్లారక, వాళ్లింటికే వెళ్లి, వసారాలో కూర్చుని, మొగుణ్ణీ పెళ్లాన్నీ కలిపి కడిగి పారేసి వచ్చింది. మాస్కు పెట్టుకునే వెళ్లింది మహాతల్లి. మూతి మూసుకుని తిడితే తిట్టినట్టుంటుందా? గడ్డం కిందికి లాగేసింది.

ఇవాళ మధ్యాహ్నం పానకాలు సగం అన్నం వదిలేసి లేచాడు. "తినబుద్ధి కావట్లేదే" అన్నాడు. నిన్నటినుంచీ మాణిక్యమ్మకీ పప్పు చప్పగానే ఉంది, కానీ అది కోడలు మాధవీలత వంట మహిమ. ఈయనది అది కాదు. ఆ యలమంద కళ్లు!

గుప్పెడు ఎండుమిరపకాయలూ ఉప్పూ తీసింది. ఆయన్ని కుర్చీలో కూలేసి, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఆ యలమందగాడి దిష్టి" అంటూ చుట్టూ తిప్పి, పెరట్లో కట్టెల పొయ్యిలో పడేసింది. కాయలు చిటపటలాడాయి. మొహం పొయ్యిమీదికి వంచింది. కళ్లు మండాయి, పొగకి మండవా మరి! ముక్కు మాత్రం చురుక్కుమనలేదు.

"చూశావుటే అమ్మాయ్! ఇన్ని కాయలేస్తే పిసరంత ఘాటన్నా వచ్చిందా? ఎంత దిష్టి తగిలిందో ఆయనకి!"

కోడలు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వంగిపోయి దగ్గుతోంది. గోడ అవతల ఎవరో "ఎవరింట్లోరా నాయనా ఈ మిరపకాయల కోరు!" అని తుమ్మారు. లోపల్నుంచి పానకాలు, "ఒసేయ్, చంపుతావా ఏంటే!" అని ఖళ్లుఖళ్లున దగ్గాడు.

మాధవీలత అత్తగారి వంక ఒక్క క్షణం చూసింది. గబగబా వంటింట్లోకి వెళ్లి ఇంగువ డబ్బా తెచ్చి, మెట్టుమీద పెట్టి దూరంగా జరిగింది.

"వాసన చూడండత్తయ్యా."

చూసింది. "పాతదయ్యుంటుంది" అంది.

"మొన్న విప్పిన డబ్బా అండీ."

మళ్లీ చూసింది. ముక్కు డబ్బాలో దూర్చి చూసింది. ఏమీ లేదు. పప్పు చప్పగా ఎందుకుందో అప్పుడు తెలిసింది. యలమంద ఇంట్లో అందరూ మంచమెక్కారని మొన్న వింటే "కావాలి వాడికి" అనుకుందే గానీ, ఆ వసారాలో తనెంతసేపు కూర్చుందో గుర్తు చేసుకోలేదు. ఊళ్లోవాళ్లందర్నీ గేటు దగ్గరే ఆపింది. తనని ఆపేవాళ్లెవరు? రోజూ ఆయన రొమ్ముకి నూనె రాసింది తనే. అన్నం కలిపి పెట్టింది తనే.

"నేనే తెచ్చానే లతా" అంది. కొంగు మూతికి అదుముకుని, ఎవరూ చెప్పకుండానే పెరటి చివర పత్తి కొట్లోకి వెళ్లి తలుపేసుకుంది. "బాబ్జీకి ఫోన్ చెయ్యి! ముందు ఆయనకి టెస్టు చేయించమను. నా సంగతి తర్వాత" అని లోపల్నుంచే అరిచింది.

కొట్లో నిలవలేకపోయింది. తలుపు సందుకి చెవి ఆనించింది. ఇంట్లో పానకాలు దగ్గుతున్నాడు. ఆగాడు. మళ్లీ దగ్గాడు. మిరపకాయల ఘాటుకేనా, లేక అదా? ఘాటు ఎప్పుడో పోయి, ఇంకా దగ్గుతుంటే? పోయిందో లేదో తెలియడానికి ఆవిడకి ముక్కేదీ!

"లతా! ఘాటు ఇంకా ఉందే?"

లోపల పానకాలు మళ్లీ దగ్గాడు.

"ఉందత్తయ్యా! ఇంకా బాగా ఉంది. దానికే మామయ్యగారు దగ్గుతున్నారు. మీరు కాసేపు పడుకోండి."

మాధవీలత ఆ మాటలన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఒక్కసారి కూడా దగ్గలేదు.