వేళ్ళకు పట్టొచ్చే పనులు

"కోడి గెలికినట్టుంది," అంటూ భర్త పిల్లాడి పుస్తకాన్ని స్టవ్ పక్కన పడేసి వెళ్ళాడు. ఇంత చదువుకున్నదానివి, రెండో క్లాసు కుర్రాడి చేతిరాత దిద్దలేవా అన్న మాట ఆ పడేయడంలోనే ఉంది. స్కూలు నుంచి కబురొచ్చినా ఆమెకే. పిల్లాడి తెలివి తండ్రిది, వంకర అక్షరాలు తల్లివి.

క్లాసు టీచరమ్మ మాత్రం వేరేగా చెప్పింది. వాడికి అక్షరాలు రాక కాదు, వేళ్ళలో సత్తువ లేక. పెన్సిలు పిడికిలితో పట్టుకుంటున్నాడు. పేజీలకు పేజీలు రాయించకండి, ముందు ఆ చేతులకు ఏదైనా పని చెప్పండి అంది. ఆఫీసు నుంచి వచ్చాక ఆమె సాయంత్రమంతా వంటింట్లోనే కనక, వాడికి పని కూడా అక్కడే దొరికింది. బఠానీలు ఒలిచాడు. తడిగుడ్డలు పిండాడు. క్లిప్పులు నొక్కి నొక్కి దండెం మీద తన చొక్కాలు ఆరేశాడు. పిండి పిసికి, దానిమీద పుల్లతో అక్షరాలు గీశాడు. గీస్తూ కబుర్లు చెప్పేవాడు, ఎవడు ఎవణ్ణి తోశాడో, ఎవరి పన్ను ఊడిందో. ఆమె కాపురానికి వచ్చాక ఆ వంటింట్లో రెండో గొంతు వినపడడం అదే మొదలు. హాల్లోంచి టీవీ గొంతు వచ్చేది గానీ, అది ఆమెతో మాట్లాడేది కాదుగా.

కొన్ని వారాలకు అక్షరాలు గీత మీద నిలబడ్డాయి. భర్త ఆ పుస్తకం వచ్చినవాళ్ళందరికీ చూపించాడు. మా నాన్నది ముత్యాల్లాంటి రాత, ఆ పోలికే వచ్చింది అన్నాడు. పోలిక ఎవరిదైతేనేం, పోనీలే అనుకుంది.

ఒక సాయంత్రం అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడింది. పిల్లాడు తువ్వాలు పిండుతున్నాడు.

"రాత కుదిరిందిగా, ఇంకా ఎందుకమ్మా? మగపిల్లాడి చేత ఇంత చాకిరీ చేయిస్తారా ఎవరైనా?"

భర్త వచ్చి పిల్లాడి చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకుపోయాడు. వాడు వెనక్కి చూస్తూనే వెళ్ళాడు. వంటింట్లో మళ్ళీ కుళాయి చుక్కల చప్పుడే మిగిలింది.

చాకిరీ. ఆమె ఆ మాట దగ్గరే ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా ఇదే బకెట్టు, ఇదే పిండి, ఇవే గుడ్డలు. ఇంట్లో నువ్వు చేసేదేముంది అన్నది వీళ్ళే. సంసారం అన్నాక ఆ మాత్రం ఉండదా అన్నదీ వీళ్ళే. పసివాడు కాస్త చెయ్యి పెట్టగానే అది చాకిరీ అయిపోయింది. అంటే వీళ్ళకు తెలుసు. ఈ బరువు ఎంతో మొదట్నుంచీ తెలుసు. వీళ్ళకు తెలియదనుకోబట్టే తను ఇన్నాళ్ళూ ఓర్చుకుంది.

స్టవ్ కట్టేసింది. చేతులు తుడుచుకుని హాల్లోకి వెళ్ళి పిల్లాడి పక్కన కూర్చుంది. వాడు ఆమె మీదికి ఒరిగాడు.

వంట అయిందా అని అడిగాడు భర్త, టీవీ మీంచి చూపు తిప్పకుండానే.

"నా సగం అయింది. వాడి సగం అలాగే ఉంది," అంది. "వాణ్ణి పంపిస్తారా, మీరు వస్తారా?"