పొర మీద చుక్క

“ఈరోజంతా డయాలసిస్సే నాన్నా. సాయంత్రం మాట్లాడతాను,” అని ఉష ఫోను పెట్టేసింది.

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న దాలయ్య చేతులు ఆగిపోయాయి. ఇంటింటా కిడ్నీ జబ్బున్న ఉద్దానం తీరంలో ఆ మాట వింటే గుండె ఝల్లుమంటుంది. అతని అన్న ఆ యంత్రం మీదే బతికి బతికి, కిందటేడు పోయాడు. భార్య అసిరమ్మకు చెబితే తట్టుకోలేదని, చేపల బేరముందని అబద్ధమాడి శ్రీకాకుళం బస్సెక్కేశాడు.

కూతురు పరిశోధన చేస్తున్న కాలేజీకి చేరేసరికి మధ్యాహ్నమైంది. వరండాలో ఆమె స్నేహితురాలు మహతి కనిపించింది.

“ఉషా? డయాలసిస్ దగ్గర కూర్చుంది అంకుల్. ఇప్పుడు లేవడానికి లేదు.”

ఆమె చూపించిన గదివైపు దాలయ్య పరుగెత్తాడు. ల్యాబు తలుపు తోసుకుని వెళ్లి, తెల్లకోటులో ఉన్న కూతురి చేతులు పట్టుకుని సూది గుర్తుల కోసం వెతికాడు.

“నాన్నా! ఏటైనాది? ఇలాగొచ్చేసావేటి?”

“నాకు సెప్పకుండా దాసీసావేటే తల్లీ! నా కిడ్నీ ఒకటి తీసీమను. ముసిలోణ్ణి, నాకు రెండెందుకు?”

సంగతి అర్థమయ్యాక ఉష నవ్వబోయింది. తండ్రి ఇంకా తన చేతులు వదలకపోవడం చూసి ఆపేసుకుంది. స్టూలు లాగి కూర్చోబెట్టింది.

“డయాలసిస్ నాకు కాదు నాన్నా. నువ్వు ఐసులో పెట్టి అంపిన వంజరానికి.”

“సేపకా!”

“దాని డీఎన్ఏకి. సూడు.”

గాజు పళ్లెంలో నీళ్లు. వాటి మీద తేలుతూ గుండ్రటి తెల్లని పొర. పొర మీద ఒకే ఒక్క చుక్క.

“ఆ సుక్కలో డీఎన్ఏ ఉన్నాది, ఉప్పూ ఉన్నాది. పొరకి కంటికి కనపడని కన్నాలుంటాయి. ఉప్పు కింద నీళ్లలోకి దిగిపోతాది, దీన్నీ డయాలసిస్సే అంటారు. డీఎన్ఏ శానా పొడుగు, పైనే ఉండిపోతాది. గట్టిగా కుదిపితే తెగిపోతాది. ఇంతకు ముందు అలాగే పాడైపోనాది. అందుకే ఇంత నెమ్మదిగా.”

దాలయ్య బల్ల మీద ఆనించిన మోచేయి మెల్లగా తీసేశాడు.

ఉష అడిగింది: “మరి నువ్వు కిడ్నీల రక్తపరీక్ష సేయించుకున్నావా?”

అన్న పోయినప్పటినుంచీ అసిరమ్మ పోరుతూనే ఉంది. ఆసుపత్రి పేరెత్తితే చాలు, దాలయ్య పడవెక్కేసేవాడు.

“బయమేసింది,” అన్నాడు.

“నాకూ బయమే. ఇది అవనీ, ఇద్దరం ఎల్దాం.”

సాయంత్రం రక్తం తీస్తున్నంతసేపూ ఉష అతని రెండో చెయ్యి వదలలేదు.

మర్నాడు దాలయ్య ఒడ్డున ఉండగా ఉష ఫోను చేసింది. “నాన్నా, డీఎన్ఏ ఈసారి తెగలేదు! నీ రిపోర్టు కూడా వచ్చినాది. కిడ్నీలు రెండూ బాగున్నాయి.”

“ఆ మాట మీ అమ్మకి సెప్పు,” అన్నాడు దాలయ్య. ఫోను అసిరమ్మ చేతిలో పెట్టి, ఇసుకలో కూలబడ్డాడు.