కంపెనీ నుంచి దిగినట్టే

మనిషికి వయసు మీదపడితే కనీసం ఒక దండమైనా పెడతారు. కారుకి మీదపడితే నలగ్గొట్టి తుక్కు చేస్తారు. ఆ ఊళ్ళో కొత్తగా వచ్చిన రూలు అదే. ముప్పై ఏళ్ళు దాటిన బండి ఏదైనా సరే, నలగ్గొట్టే యంత్రానికి పోవాల్సిందే. క్లాసిక్ అని ముద్ర పడితే మాత్రం బతికిపోతుంది. ఆ ముద్ర పడాలంటే బండి కంపెనీ నుంచి దిగినట్టే ఉండాలి. దాని ఒంటి మీద పరాయి చెయ్యి పడి ఉండకూడదు.

సీట్లక్క కారు మీద ఆ చెయ్యి పడింది. పడబట్టే అది ఆమె కారయింది.

నడుం కింద చచ్చుబడిన మనిషి ఆమె. పెళ్ళయిన కొత్తలో మేడ మెట్ల మీంచి పడింది. గోడకేసి చూస్తూ పడుకున్న భార్యని చూడలేక, సొంత షెడ్డులో కార్ల సొట్టలు తీసే మేస్త్రి, ఆమె మొగుడు, ఒక పని చేశాడు. తన తండ్రి వదిలిపోయిన ముసలి కారుకి నేల కోసి, బ్రేకుకీ క్లచ్చుకీ యాక్సిలరేటరుకీ చేత్తో లాగే పిడులు అతికించాడు. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ఆ పిడులు పట్టుకునే ఆమె ఊరి ఆ చివర సీటు కవర్లు కుట్టే కొట్లో పనికి కుదిరింది, సీట్లక్కయింది. పొద్దున్నే తాళం తిప్పి, దారికి అడ్డొచ్చిన లారీవాణ్ణి నాలుగు తిట్టి ముందుకు దూసుకుపోవడంలో ఉన్న సుఖం పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

"పిడులు తీసేస్తానే," అన్నాడు మేస్త్రి ఒకరోజు అన్నం దగ్గర, కంచంలోకి చూస్తూ.

"తీసేస్తే నేనెలా పోయేది పనికి?"

"ముద్ర పడేదాకానే. తర్వాత మళ్ళీ బిగించనా ఏంటి?"

"ఏరు దాటాక తెప్ప తగలెయ్యరు కదా?"

"పిచ్చిదానా, అసలు బిగించింది ఎవరు? నేనేగా?"

అదీ నిజమే. ఆమె నమ్మింది. నమ్మి ఊరుకోలేదు, తనూ చెయ్యి వేసింది. నడుం పక్కకి ఒరగకుండా సీటుకి కుట్టుకున్న దిండ్లని తన చేత్తోనే విప్పి, పాతకాలం తీరులో బల్లపరుపుగా కొత్త కవరు కుట్టింది. మేస్త్రి పిడులు కోసేశాడు. నేలకున్న కంతలకి రేకు అతికి, అతుకులు అరగదీసి, పుట్టీ పెట్టి రంగు కొట్టాడు. పనిమంతుడు, అందులో వంక పెట్టేదేం లేదు. వేలితో తడిమినా అతుకు దొరకదు.

మధ్యలో కొట్టు యజమాని కబురు పంపాడు, ఇంకెవరినైనా చూసుకోమంటావా అని. "కాస్త ఓపిక పట్టన్నా, ముద్ర పడిన మర్నాడే వచ్చేస్తా," అని బతిమాలుకుంది ఆమె.

ముద్ర వెయ్యడానికి వచ్చిన ఇన్‌స్పెక్టరు పెద్దాయన, మర్యాదస్తుడు. చొక్కా మాస్తుందని చూసుకోకుండా కారు కిందకి దూరాడు. పైకి లేచి చేతులు దులుపుకుంటూ మురిసిపోయాడు.

"తండ్రి బండిని ఇంత భద్రంగా దాచుకున్నవాణ్ణి నేను చూడలేదయ్యా. ఇక దీని మీద సుత్తిదెబ్బ పడకూడదు. ఏటా చెప్పకుండా వచ్చి చూస్తాం. ఒక్క బోల్టు మారినా ముద్ర పోతుంది, బండి యంత్రానికి పోతుంది."

పిడులు మళ్ళీ బిగించే దారే లేదని సీట్లక్కకి అర్థమైంది. మొగుడి వైపు చూసింది. అతను ఉలిక్కిపడలేదు. తల వంచుకుని బానెట్ మీద లేని దుమ్ము తుడుస్తున్నాడు. తెలుసు ఇతనికి. అన్నం దగ్గర కూర్చున్ననాడే తెలుసు. ఆ క్షణాన అతన్ని చూస్తే ఆమెకి ఒళ్ళు మండిపోయింది. పక్కలో పడుకున్న మనిషి ఇంత పని చేస్తాడా అనిపించింది.

ఇన్‌స్పెక్టరు చూపు ఆమె చక్రాల కుర్చీ మీద ఆగింది.

"ఇంట్లోవాళ్ళని కూడా ఒక మాట అడగడం మా పద్ధతమ్మా. మీకు అనువుగా ఉండాలని ఈ బండికి ఎప్పుడైనా ఏమైనా మార్పులు చేయించారా? మీరుగానీ నడిపారా?"

మేస్త్రి చేతిలో గుడ్డ ఆగిపోయింది.

నిజం చెబితే అతని పరువూ, తండ్రి గుర్తూ ఆ సాయంత్రానికే తుక్కవుతాయి. చెప్పాలని నోటిదాకా వచ్చింది కూడా. కానీ పిడులు ఎలాగూ రావు. ఇన్నేళ్ళు తనని ఒక్క రోజూ దారిలో దించెయ్యని బండి అది, దాన్ని తన నోటితో చంపడానికి ఆమెకి మనసు రాలేదు. తప్పు చేసింది మనిషి, కారు కాదు.

"కాళ్ళు లేనిదాన్ని," అంది. "నేనెలా నడుపుతానండీ?"

పెద్దాయన ముఖం ఎర్రబడింది. "తప్పయిపోయిందమ్మా, అడక్కూడనిది అడిగాను," అని గబగబా ముద్ర వేశాడు.

బండితో ఇద్దరికీ ఫొటో తీయాలన్నాడు పెద్దాయన. మేస్త్రి ఆమెని రెండు చేతులా ఎత్తి వెనక సీట్లో కూర్చోబెట్టాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"ఇక నుంచి నేనే తిప్పుతానే నిన్ను," అన్నాడు గొంతు తగ్గించి.

"ఎక్కడికి?" అంది సీట్లక్క.