వెతుకు, తుడిచెయ్

ఆ గోడౌన్ల కంపెనీలో ఆమెను అందరూ పోస్టుమాస్టరమ్మ అని పిలిచేవారు, మెయిళ్ళ వ్యవహారమంతా ఆమె చేతిలో ఉంటుంది కాబట్టి. ఎవరైనా తొందరపడి జీతాల పట్టీని కంపెనీ మొత్తానికి పంపేసినా, లాటరీ తగిలిందంటూ ఏ దొంగ మెయిలో జొరబడినా, అందరి మెయిల్‌బాక్సుల్లోనూ ఒక్కసారే వెతికి, ఒక్క బటన్‌తో మాయం చేసేది. అందులో ఆమెకో పట్టింపు ఉంది. తీసేసే మెయిల్ని తెరిచి చూడదు. పరాయివాళ్ళ ఉత్తరాలు చదివే బుద్ధి తనకు లేదని గొప్పగా చెప్పుకునేది. ఆ గొప్పే కొంప ముంచింది.

ఆమె అక్క అదే కంపెనీలో గోడౌన్ సూపర్‌వైజరు. అక్కడ సరుకుల లిఫ్టు జారిపడి ఆపరేటరు కాలు నుజ్జయింది. బ్రేకు సరిగా పట్టడం లేదని ముందే మేనేజరుకు మెయిల్ పెట్టానంది అక్క. తనకేమీ రాలేదన్నాడు మేనేజరు. ఆయన్ని వెనకాల తేనెసీసా అంటారు, తిట్టినా "అమ్మా" అనే తిడతాడు. రిపేరు సెక్షనుకు పంపిన కాపీ కూడా కనబడలేదు, అక్క పంపిన మెయిళ్ళలోనూ లేదు. లిఫ్టు, బ్రేకు అన్న మాటలతో చెల్లెలు కూడా కంపెనీ అంతా వెతికి, "లేదక్కా, పంపుదామనుకుని మర్చిపోయి ఉంటావు" అంది. అక్కను ఇంట్లో కూర్చోబెట్టి విచారణ వేశారు. తప్పు రుజువైతే ఉద్యోగం పోవడం అటుంచి, ఒక మనిషిని అవిటివాణ్ణి చేసిన పాపం జన్మంతా ఆమె నెత్తినే ఉంటుంది.

ఒక సాయంత్రం అక్క వంటింట్లో ఇద్దరూ భోంచేస్తున్నారు.

"మర్చిపోలేదే బాబూ! వాడు తెరుస్తాడో లేదోనని సబ్జెక్టులో 'అర్జెంటు, వెంటనే తెరవండి' అని కూడా పెట్టాను," అంది అక్క.

చెల్లెలు ఎత్తిన ముద్ద కంచంలో పెట్టేసింది. ప్రమాదం జరిగిన మర్నాడు తేనెసీసా ఆమెకు పెట్టిన రిక్వెస్టులో ఉన్నవి సరిగ్గా ఆ మాటలే. ఆ పేరుతో దొంగ మెయిల్ తిరుగుతోంది, ఎవరూ తెరవకముందే మళ్ళీ దొరక్కుండా తీసేయమ్మా అని రాశాడు. దొంగ మెయిళ్ళన్నీ అలాంటి పేర్లతోనే వస్తాయి. ఆమె వెతికింది, తెరవలేదు, తుడిచేసింది. వెధవ, అక్క గొంతు చెల్లెలి చేత్తోనే నొక్కించాడు. ఆ మాట అక్కకు చెప్పకుండానే లేచి చెయ్యి కడుక్కుంది.

మర్నాడు ఆఫీసుకు వెళ్ళీ వెళ్ళగానే కంప్యూటరు ముందు కూర్చుంది. ఎప్పటిదో కాంట్రాక్టరు గొడవ కోర్టులో నలుగుతున్నందుకు కంపెనీ లాయర్లు తేనెసీసా మెయిల్‌బాక్సుకు ప్రమాదానికి ముందే తాళం వేయించారు. ఆ సంగతి అతనికి తెలీదు. తాళం పడ్డ మెయిల్‌బాక్సులోంచి ఏది తుడిచినా నిజంగా పోదు, మామూలుగా వెతికితే కనబడని ఒక అటక మీదికి చేరుతుంది. ఆ అటకంతా గాలించింది. రెండు దొరికాయి. ఒకటి అక్క మెయిల్. రెండోది అదే సబ్జెక్టుతో ప్రమాదం రోజే అతను ఇచ్చిన జవాబు, అక్క తెరిచి చూసేలోపే మొదటిదాంతో పాటు తుడిచివేతలో కొట్టుకుపోయింది. ఈసారి తెరిచి చదివింది.

"లిఫ్టు ఆపితే లోడు ఆగుతుంది. లోడు ఆగితే నీ ఉద్యోగం ఆగుతుంది. నోర్మూసుకుని నడిపించమ్మా."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. వెంటనే పై ఆఫీసుకు పంపితే సరిపోయేది. పంపలేదు. ఇప్పుడు బయటపెడితే ఏదో పొరపాటయిందని పళ్ళికిలించి తప్పించుకుంటాడు. అలా కాదు. నలుగురిలో నోరారా అబద్ధమాడాలి, ఆ అబద్ధం నోట్లో ఉండగానే దొరికిపోవాలి. విచారణ ఇంకా వారం ఉంది. ఆ వారమంతా ఎదురుపడినప్పుడల్లా అతనికి నవ్వుతూ నమస్కారం పెట్టింది. అక్క ఫోన్లో ఏడిస్తే, "కాస్త ఓపిక పట్టక్కా" అనేది. చెబితే అక్క ముఖంలో దాచుకోలేదు, వాడు పసిగడతాడు అనుకుని, లోలోపలే మురిసిపోయింది.

విచారణ గదిలో పై ఆఫీసు నుంచి వచ్చిన పెద్దావిడ అడగ్గానే తేనెసీసా నిట్టూర్చాడు.

"ఆ మెయిల్ నాకు రానేలేదు మేడం. కావాలంటే వాళ్ళ చెల్లెమ్మనే వెతకమనండి, అందరి ముందే."

అదే కావాలి పోస్టుమాస్టరమ్మకు. గోడ మీది పెద్ద తెరకు తన కంప్యూటరు తగిలించి, అటకతో సహా వెతికింది. రెండూ తెర మీదికొచ్చాయి. అతని జవాబును పైకి చదువుతుంటే ఆమె గొంతు ఒక్కచోటా తడబడలేదు.

"ఎవరు తుడిచారివి?" అంది పెద్దావిడ.

"నేనే మేడం. ఎవరు తుడవమన్నారో కింద ఈయన పెట్టిన రిక్వెస్టులోనే ఉంది, చూడండి."

తేనెసీసా ముఖం మీద నెత్తురుచుక్క లేదు. పోస్టుమాస్టరమ్మ కడుపు చల్లబడింది. తన ఉద్యోగం పోతే పోయిందనుకుంది.

అక్క అప్పటికే గదిలోంచి బయటికొచ్చి, వరండాలో గోడకానుకుని నిలబడి ఉంది. చెల్లెలు పరుగున వెళ్ళింది.

"చూశావా అక్కా వాడి ముఖం! ఎలా మాడిపోయిందో!"

"నీకెప్పుడు తెలిసిందే?"

"పోయిన వారం. ఎంతమందిలో దొరికితే అంత బాగా..."

"వారమా?" అక్క ఆమె వైపు కొత్తమనిషిని చూసినట్టు చూసింది. "నువ్వు కూడా లేదన్నావుగా. పంపానని నాకు నేనే చెప్పుకుంటున్నానేమో అనుకున్నాను. నిన్న ఆసుపత్రికి వెళ్ళి, ఆ ఆపరేటరు భార్య కాళ్ళు పట్టుకుని, నీ మొగుడి కాలు తీసింది నేనేనమ్మా అని చెప్పాను. ఆవిడ చెప్పు తీసుకుని కొట్టింది. తగిన శాస్తే జరిగిందనుకుని ఇంటికొచ్చాను."

చెల్లెలు చెయ్యి పట్టుకోబోయింది. అక్క చెయ్యి వెనక్కి తీసుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది.