ముల్లు నిలిచే చోటు

ఇంజను గుణం కాలు తీసేసిన తర్వాతే తెలుస్తుంది. యాక్సిలరేటరు తొక్కినప్పుడు ఏ బండైనా గట్టిగానే అరుస్తుంది. గేరు బండిలో క్లచ్ నొక్కి, వేగం తగ్గి, ఆగబోయే ఆ రెండు మూడు క్షణాల్లో ఇంజనుకు ఆసరా ఏమీ ఉండదు. కింద చక్రాలతో సంబంధం తెగిపోతుంది, పైన డ్రైవరు కాలు ఉండదు. తన బతుకు తాను బతకాలి. ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే ముల్లు జారి జారి ఎనిమిదివందల యాభై దగ్గర నిలబడిందంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. దాన్ని మేము ఐడ్లింగ్ అంటాం.

నా షెడ్డు సోమందేపల్లె దగ్గర, హైవే పక్కన. ఆదివారం ప్రార్థన ముగిసి మందిరం నుంచి రాగానే తలుపు తీస్తాను. బెంగుళూరు నుంచి షోకు బండ్లు ఆ పూటే వస్తాయి. బానెట్ ఎత్తకుండా లోపం చెబుతానని నన్ను చెవి శశన్న అంటారు. నా భార్య రూతు కుట్టుమిషను షెడ్డు గుమ్మంలోనే ఉంటుంది. పంతొమ్మిదేళ్లుగా నా స్పానర్లూ ఆమె పెడలూ ఒకే రేకుల కింద మోగుతున్నాయి.

ఆ ఆదివారం విష్ణువర్ధన్ ఎర్ర బండి వచ్చింది. రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు. అతనిది ఉరవకొండ, ఉద్యోగం బెంగుళూరులో. తొమ్మిదేళ్లుగా ఆ బండి మీద నా చెయ్యి తప్ప మరో చెయ్యి పడలేదు. షెడ్డు ముందు అతను క్లచ్ నొక్కి ఆగబోతుండగా నా వెనక రూతు పెడలు ఆగింది. నేను వేలెత్తి, "అదీ!" అన్నాను. బండి ఒకసారి వణికి ఆరిపోయింది.

"సూస్తివా? మల్లా సచ్చె. టోల్‌గేటు కాడ గూడా ఇంతే. లారీవోళ్లు తిట్టిన తిట్లు రాసి పెట్టుకుంటే పుస్తకమైతాదన్నా."

"క్లచ్ తొక్కినప్పుడేనా?"

"అప్పుడే. ముల్లు నాలుగొందలకు పడతాది. ఒగోసారి లేస్తాది, ఒగోసారి లేయదు. ఇది మూడో వారమన్నా." అతను కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "వచ్చే ఆదివారం నా స్నేహితులు ఆరుమంది వస్తాండారు. అందరివీ ఇట్లాంటి గేరు బండ్లే. నీ చెవి గురించి చెప్పి చెప్పి నాకు నోరు నొప్పి పుట్టింది. ఈ పొద్దు సరైతే ఆ బండ్లన్నీ నీకే. కాకుంటే నాది గూడా బెంగుళూరులోనే సూపిచ్చుకుంటా. ఏమనుకోవద్దు."

గాలి లోపలికి వెళ్లే థ్రాటిల్‌ను అప్పటికే రెండుసార్లు కడిగాను. ప్లగ్గులు మార్చాను. ఇంకేం మిగిలిందో నాకు తెలియలేదు. తెలియలేదన్న సంగతి ముఖంలో కనబడకుండా బానెట్ ఎత్తి దానిలోకి వంగాను.

"ఈల ఇనపడల్యా?" అంది రూతు వెనక నుంచి. "కాలు తీస్తానే సన్నగా ఈల ఏస్తాది. పండ్ల సందులోంచి గాలి పీల్చినట్ల."

"నువ్వు ఆ రామాంజినమ్మ జాకెట్టు సూసుకో. చేతులు ఎచ్చుతక్కువైతే ఆయమ్మ మిషనే ఎత్తకపోతాది."

విష్ణువర్ధన్ నవ్వాడు. నవ్వి ఊరుకుంటే బాగుండేది. గుమ్మం దాకా వెళ్లి ఆమె మిషను పక్కన గొంతుక్కూర్చున్నాడు. "ఏమంటివక్కా? మల్లా చెప్పు."

ఆమె చెప్పింది. వేళ్లతో గాలి ఎలా దూరుతుందో చూపించింది. తొమ్మిదేళ్లలో నా మాట కోసం అతను ఒక్కసారి కూడా కూర్చోలేదు. నిలబడే వినేవాడు, మధ్యలో ఫోను చూసుకునేవాడు. ఆమె చెబుతుంటే రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని విన్నాడు. వాళ్లిద్దరి మీద నాకు వేరే అనుమానం ఏమీ రాలేదు. వచ్చి ఉంటే తేలికగా ఉండేది, ఆ అనుమానాన్ని ఎలా మోయాలో మగవాళ్లకు చిన్నప్పటి నుంచే తెలుసు. నాకు కడుపు మండింది ఆమె చెవిని చూసి. అది నా ఒక్కడికే ఉందనుకున్న వస్తువు.

అప్పుడు చేయకూడని పని చేశాను. థ్రాటిల్ పక్కన ఒక స్క్రూ ఉంటుంది. కంపెనీలోనే బిగించి, కదపకూడదని పసుపు రంగు గీత పెడతారు. దాన్ని ముట్టినవాడు మెకానిక్కే కాదని నేనే ఎందరినో తిట్టాను. దాన్ని అర చుట్టు తిప్పి బండి స్టార్టు చేశాను. ముల్లు పన్నెండు వందలకు ఎక్కి కూర్చుంది. బండి ఇక ఆరిపోలేదు.

"అయిపోయిందిలే. తిప్పుకోని రాపో," అన్నాను.

పెనుకొండ మలుపు దాకా వెళ్లి వచ్చిన విష్ణువర్ధన్ ఇంజను ఆపకుండానే దిగాడు. ముఖం వెలగలేదు.

"సావదులే గానీ, కాలు తీసినా కిందికి దిగదన్నా. గేరు మార్చల్లంటే అది పైన్నే కూకోనుంటాది. ఎనకాల ఎవురో తోస్తాన్నట్ల ఉండాది. ఇది నీ పని మాదిరి లేదే."

"టీ తాగి రాపో. అంతలో సరి చేస్తా."

అతను రోడ్డు దాటి టీకొట్టుకు వెళ్లాడు. నేను షెడ్డు వెనక డ్రమ్ము దగ్గర చేతులు కడుక్కున్నాను. మసి వదిలిన తర్వాత కూడా కడుగుతూనే ఉన్నాను. తిరిగి వచ్చేసరికి ఇంజను తిరుగుతోంది. రూతు బానెట్ కింద వంగి ఉంది. చేతిలో ఇస్త్రీకి బట్టలు తడిపే నీళ్ల సీసా, మీట నొక్కితే తుంపర్లు కొట్టేది. ఒక పైపు మీద కొట్టి, ఆగి, వింది. ఇంకో పైపు మీద కొట్టి వింది. ఒక సన్న రబ్బరు పైపు వంపు కింద తుంపర పడగానే ఇంజను పొరబోయినట్టు ఉక్కిరిబిక్కిరైంది. ఆమె మళ్లీ కొట్టింది. మళ్లీ అంతే.

నేను అడుగు వెనక్కి వేసి గోడ చాటున నిలబడ్డాను. ఎదురుపడితే దొరికిందా అని అడగాలి. ఆ ఒక్క మాట నా నోటికి రాలేదు.

ఆమే వచ్చింది, సీసా కొంగుతో తుడుచుకుంటూ. "సన్న పైపు, చివర వంపు కాడ. ఎండకు పగిలిండాది. ఇంజను ఊగినప్పుడు నోరు తెరిచి గాలి పీలుస్తాది. నువ్వే సూసినావని చెప్పుకో. నేనేం చెప్పనులే."

తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి. తమ దగ్గర చాలా ఉన్నవాళ్లు ఇచ్చినట్టు, తేలిగ్గా ఇచ్చేసింది.

పైపు చివర అంగుళం కోసి మళ్లీ బిగించాను. స్క్రూను పసుపు గీతకు తెచ్చాను. విష్ణువర్ధన్ షెడ్డు ముందు నాలుగుసార్లు క్లచ్ నొక్కి ఆపి చూశాడు. నాలుగుసార్లూ ముల్లు ఎనిమిదివందల యాభై మీదే నిలిచింది.

"ఎట్ల కనుక్కొంటివన్నా?"

"చెవి," అన్నాను.

అంతటితో ఆగి ఉండవచ్చు. అతను గుమ్మం వైపు తిరిగి, "అక్కా, నువ్వు చెప్పిన ఈల అదేనా?" అని అడిగాడు. ఆమె నోరు తెరిచేలోపు నేనే అందుకున్నాను. "ఈలా లేదు, గీలా లేదు. దానికేం తెలుసు బండ్ల సంగతి."

రూతు నా వైపు చూసింది. తర్వాత సూదిలో దారం ఎక్కించుకుంటూ, "అంతేలేప్పా," అంది.

తర్వాతి ఆదివారం ఆరు బండ్లూ వచ్చాయి. విష్ణువర్ధన్ నన్ను పెళ్లికొడుకును చూపించినట్టు చూపించాడు. మొదట నీలం రంగు బండి. దాని కుర్రాయన, "ఆపినప్పుడు ఏదో తేడాగా ఉందండీ, ఏమిటో తెలియడం లేదు," అన్నాడు.

"క్లచ్ నొక్కి మెల్లగా వచ్చి ఆపండి," అని ఎప్పటిలాగే కళ్లు మూసుకున్నాను.

బండి వచ్చి ఆగింది. నా వెనక కుట్టుమిషను టకటకమని నడుస్తోంది. నేను వేలెత్తడానికి సిద్ధంగా ఉన్నాను. ఎదురుచూస్తున్నాను. దేనికోసం ఎదురుచూస్తున్నానో అప్పుడు తెలిసింది.

ఇన్నేళ్లూ శబ్దంలో తేడా రాగానే వెనక పెడలు ఆగేది. అది ఆగిన క్షణానే నా వేలు లేచేది. ఇద్దరికీ ఒకేసారి వినబడుతోందని అనుకున్నాను. అలా అనుకోవడం నాకు అవసరమైంది.

"ఇంకోసారి," అన్నాను.

బండి వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చింది. ఇంజను శబ్దమంతా నా చెవుల్లోకి వచ్చింది, అందులో ఏది తప్పో మాత్రం రాలేదు. పెడలు ఆగలేదు. విష్ణువర్ధన్ తన స్నేహితుల వైపు చూసి, కాస్త ఓపిక పట్టమన్నట్టు చెయ్యి ఊపాడు.

నేను వెనక్కి తిరిగాను. "రూతూ, ఎట్లుండాదే?"

ఏడుగురు మగవాళ్లూ ఆమె వైపు తిరిగారు. ఆమె తల ఎత్తలేదు. పొడుగాటి లంగా అంచు సూది కిందికి తోస్తూనే ఉంది, పాదాలు ఆడుతూనే ఉన్నాయి.

"నాకేం తెలుసప్పా బండ్ల సంగతి. చెవి నీది గదా."

కుర్రాయన కిటికీలోంచి నన్నే చూస్తున్నాడు.

"ఇంకోసారి," అన్నాను.