అత్త ఎందుకు కూర్చోదు?

అసలు సంగతి మోకాలు. ఆ సీరియల్‌లో అత్త, అంటే ఆ ఇంటాయన అక్క, ఎప్పుడూ నిలబడే ఉండడానికి అంతకు మించి ఆవగింజంత కారణం కూడా లేదు. ఆ వేషం వేసే పెద్దావిడకి ఎడమ మోకాలు అరిగిపోయింది. నిలబడమంటే ఎంతసేపైనా నిలబడుతుంది కానీ, ఒకసారి కుర్చీలో కూలబడిందంటే లేపడానికి ఇద్దరు కావాలి. ఈలోగా లైట్లు వేడెక్కుతాయి, డైరెక్టరు అంతకన్నా వేడెక్కుతాడు. అందుకని మొదటి వారంలోనే ఫ్రిజ్ పక్కన నేల మీద సుద్దముక్కతో గీత గీసి, "మీ చోటు ఇదే అత్తా" అన్నారు. ఇంట్లో పెళ్ళి కుదిరినా, కొంప మునిగినా, అత్త ఆ గీత మీదే నిలబడి తన డైలాగు చెప్పేది.

ఇంత చిన్న విషయానికి జనం కడుతున్న కోటలు చూస్తే సీరియల్ రాసే రచయితకు ఒళ్ళు మండిపోయేది. ఫోన్ తెరిస్తే చాలు, అభిమానుల గ్రూపులో పంచాయితీ. ఎవరో తిరిగొస్తారని ఆమె వీధి తలుపుకేసి చూస్తూ కాపు కాస్తోందని ఒకరు. ఫ్రిజ్ వెనక వీలునామా దాచిందని ఇంకొకరు. ఒక మహానుభావుడైతే ఆమె ఎప్పుడో పోయింది, దయ్యం గనకే కూర్చోదు అని తేల్చేశాడు. "దయ్యానికి కుర్చీ ఏం పాపం చేసిందయ్యా!" అని రచయిత తనలో తనే గొణుక్కున్నాడు. పనీపాటా లేనివాళ్ళు గోరంతలు కొండంతలు చేస్తారు, చేసుకోనీ. తాను రాయని కొండను తెచ్చి తన నెత్తిన పెడితేనే అతనికి మంట.

ఇలా ఉండగా ఒక సోమవారం నిర్మాత అతన్ని పిలిచింది. మాట నాన్చే మనిషి కాదు.

"రైటర్ గారూ, అత్త ఇక చాలు. ఆవిడ నడిచొచ్చి ఆ గీత మీద నిలబడేసరికి సీన్ అయిపోతోంది. ఏ కూతురింటికో పంపించేయండి."

"ఆవిడకి కూతురు లేదండీ. మనం పెట్టలేదు."

"అయితే చంపేయండి. శనివారానికి సీన్ నా టేబుల్ మీద ఉండాలి."

గోడలకి చెవులుంటాయి కదా, రచయిత మెట్లు దిగేలోపే ఆ కబురు మేకప్ గదికి చేరిపోయింది. పెద్దావిడ అద్దంలోంచే అతన్ని చూసి, "బాబూ, నన్ను చంపేస్తున్నావటగా?" అంది. నవ్వుతూనే అంది కానీ, పౌడరు అద్దుకునే చెయ్యి ఆగిపోయింది. "చంపితే చంపావు గానీ, కాస్త మెల్లగా చంపు నాయనా. ఈ మోకాలిని చూసి ఇంకో వేషం ఎవరిస్తారు? ఇంట్లో గోడలు చూస్తూ ఉంటే నాకు పిచ్చెక్కుతుంది." రచయిత షూటింగుకి టైమైందని వంక పెట్టి బయటపడ్డాడు.

గురువారం చానల్ వాళ్ళు ప్రేక్షకులతో ముఖాముఖి పెట్టారు. రచయితకు వెళ్ళాలని లేదు, వెళ్ళక తప్పలేదు. అనుకున్నట్టే ఎవరో మైకు అందుకుని, అత్త ఎందుకు కూర్చోదని అడిగారు. అతనికి తెగించాలనిపించింది.

"మోకాలండీ! ఆవిడకి మోకాలి నొప్పి. వీలునామా లేదు, దయ్యం లేదు, ఏమీ లేదు!"

హాలంతా గొల్లున నవ్వింది. హమ్మయ్య, పీడా వదిలింది అనుకున్నాడు. అప్పుడు మూడో వరుసలోంచి, భుజాన బ్యాగుతో, పని నుంచి నేరుగా వచ్చినట్టున్న ఒకామె లేచింది.

"మోకాలని నాకు తెలుసు సార్. నేను ఫిజియోథెరపిస్టుని. ఆవిడ నడక చూసిన మొదటిరోజే పట్టుకున్నాను. నేను అడిగేది వేరే. ఆ ఇంట్లో ఆవిడని కూర్చోమని ఒక్కరు కూడా అనరేం? కొరియర్ తెచ్చినతన్ని కూర్చోమంటారు. గొడవకొచ్చిన పక్కింటాయన్ని కూడా ముందు కూర్చోండి అంటారు. ఈవిడనీ కూర్చోమని అంటే, పర్లేదులే అని ఆవిడే నిలబడి ఉండొచ్చుగా? మోకాలు ఆవిడది సార్. మాటలు మీవే కదా?"

రచయిత "చూస్తానండీ" అని కూర్చుండిపోయాడు.

ఇంటికి వెళ్ళీ వెళ్ళగానే పాత ఎపిసోడ్లు ముందేసుకున్నాడు. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. తన చేత్తో వచ్చినవాళ్ళందరికీ కుర్చీ వేశాడు, ఆ ఒక్క మనిషికి తప్ప. కావాలని చేయలేదు. కావాలని చేసినా ఇంత పకడ్బందీగా చేయగలిగేవాడు కాదు. ఉండబట్టలేక తల్లికి ఫోన్ చేశాడు. ఆమె ఆ సీరియల్ ఒక్కరోజు కూడా వదలదు. విషయమంతా చెప్పాడు.

"అమ్మా, ఉన్నావా?"

"ఉన్నానురా. మీ మేనత్త... మీ నాన్న అక్క. నీకు ఊహ తెలిసేదాకా మనింట్లోనే ఉండేది. తర్వాత వేరే చుట్టాలింటికి వెళ్ళి అక్కడే పోయింది. నీకు గుర్తుండదు."

"ఆవిడ కూర్చునేది కాదా?"

"నిన్ను చంకనేసుకుని వంటింటి గుమ్మంలో నిలబడేది. నువ్వూ దిగేవాడివి కాదు. మీ సీరియల్లో అత్తని చూసిన రోజే గుండె ఝల్లుమంది, వీడికెవరు చెప్పారా అని. అడగడానికి భయమేసింది." మళ్ళీ తనే, "నేను ఆవిడని చెడ్డగా చూడలేదురా. కూర్చో వదినా అని అనాలని తోచలేదు, అంతే. ఒక్కసారి కూడా తోచలేదు" అంది.

రచయిత ఫోన్ పెట్టేశాడు. ముఖం కూడా గుర్తులేని మనిషి! ఆమె చంకలోంచి చూసిన ఇంటిని తాను ఇన్నాళ్ళూ రాస్తున్నాడు, రాస్తున్నట్టు తనకే తెలియదు. తనకు తెలియని ఆ సంగతి, మూడో వరుసలో కూర్చున్న ఎవరో పరాయి మనిషికి కనిపించింది. ఇన్నాళ్ళూ వీళ్ళనా తాను పనీపాటా లేనివాళ్ళన్నది? అతనికి సిగ్గేసింది, సిగ్గుకన్నా ఎక్కువగా అబ్బురమనిపించింది.

శనివారం సీను నిర్మాత టేబుల్ మీద పెట్టాడు. ఆమె రెండుసార్లు తిరగేసి, "చావేదీ?" అంది.

"ముందు ఒకసారి కూర్చోనివ్వండి. తర్వాత మీ ఇష్టం."

ఆమె అతని ముఖం వంక చూసి, ఏమనుకుందో, "ఈ ఒక్కటీ చూస్తాను. జనం పట్టించుకోకపోతే వచ్చేవారం పంపించేయాల్సిందే" అంది.

షూటింగు రోజున ఇల్లాలి వేషం వేసే నటికి జలుబు చేసింది. "కూర్చో వదినా" అనే రెండు మాటల దగ్గర గొంతు జీరబోయి వణికింది. పెద్దావిడ గీత దాటి వచ్చింది. కుర్చీ చేతిని పట్టుకుని, పళ్ళు బిగించి, మెల్లమెల్లగా ఒరిగి కూర్చుంది. కూర్చుని, ఆ గదిని మొదటిసారి చూస్తున్నట్టు నాలుగు వైపులా చూసింది. డైరెక్టరు కట్ చెప్పడం మరిచిపోయాడు. గొంతు బాగా రాలేదు, ఇంకో టేక్ చేద్దామని ఇల్లాలు అడిగింది. "ఆవిడని మళ్ళీ లేపి మళ్ళీ కూర్చోబెట్టమంటారా? పాపం తగులుతుంది, వదిలేయండి" అన్నాడు డైరెక్టరు.

అది ప్రసారమైన మర్నాడు నిర్మాత ఫోను మోగుతూనే ఉంది. "ఇప్పుడు ఈవిడని చంపితే జనం నన్ను చంపుతారు. ఉండనివ్వండి" అంది. ఆ మాట చెబితే పెద్దావిడ కళ్ళు తుడుచుకుని, "అయితే కాస్త ఎత్తైన కుర్చీ చేయించమను బాబూ, పుణ్యముంటుంది" అంది.

సాయంత్రం రచయిత గ్రూపు తెరిచాడు. ఫిజియోథెరపిస్టు రాసింది అన్నిటికన్నా పైన ఉంది. "ఆ గొంతు విన్నారా? ఆ రెండు మాటలూ అనడానికి ఆ ఇల్లాలు ఎన్నేళ్ళుగా తంటాలు పడుతోందో! అందరూ అత్తని చూశారు. నేను ఇల్లాలినే చూశాను. మోకాలి నొప్పికి మా దగ్గర మందుంది. ఆ ఇల్లాలి నొప్పికి లేదు. ఎవరైనా ఆవిడ పక్కన కాసేపు కూర్చోండి."

"జలుబమ్మా తల్లీ, అది జలుబు" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. తల్లికి ఫోన్ చేసి, ఒక్క ముక్క పోకుండా చదివి వినిపించాడు.

ఆమె చిన్నగా అడిగింది.

"ఒరేయ్, ఆ అమ్మాయికి నేనెలా తెలుసురా?"