ఇద్దరికీ తెలిసిన మాట

రైల్వే స్టేషన్‌లో కదిలే మెట్లు బాగుచేసే పెద్ద మెకానిక్‌కు కొత్తగా ఓ జతగాడు వచ్చాడు. వాడి భాష ఈయనకు ఒక్క ముక్క అర్థం కాదు, ఈయనది వాడికీ అంతే. ఇద్దరి నోటా ఒకేలా పలికే మాట ఒక్కటే: ఎస్కలేటర్.

"మరి రోజంతా ఏం మాట్లాడుకుంటారు?" అంది భార్య.

"ఆ ఒక్క మాటతోనే కాపురం లాక్కొస్తున్నాం."

నిజమే. పొద్దున్నే నవ్వుతూ అంటే పలకరింపు. గొలుసు దగ్గర చెయ్యి పెట్టినప్పుడు అరిస్తే జాగ్రత్త. క్యారేజీ మూత తీసి సాగదీస్తూ అంటే, తిందాం రమ్మని. పదకొండేళ్లు అలాగే గడిచాయి.

పెద్దాయన రిటైరైన రోజు అందరూ తలా నాలుగు మంచిమాటలు చెప్పి వెళ్లారు. జతగాడు మాత్రం ఓ మూల కూర్చుని పానా తుడుస్తూనే ఉన్నాడు. దాని మీద మరక పోయి అప్పటికే అరగంటైంది. ఆఖరికి లేచి, ఎదురుగా వచ్చి నిలబడి, "ఎస్కలేటర్" అన్నాడు.

ఇన్నేళ్లలో వాడు ఆ మాట అంత మెల్లగా ఎన్నడూ అనలేదు.

పెద్దాయన వాడి భుజం మీద చెయ్యి వేశాడు.

"నాకూ అంతేరా తమ్ముడూ."